ఖుర్షిదా తెచ్చిన కూర

"ఏం తినాలనుందే నీకు?"

కోటిరత్నం పొద్దున లేచి కోడల్ని అడిగే మొదటి మాట అదే. పళ్ళు తోముకుంటుంటే అడుగుతుంది, తల దువ్వుకుంటుంటే అడుగుతుంది, మధ్యాహ్నం కంచం ముందు కూర్చోబెట్టి మళ్ళీ అడుగుతుంది. పోనీ మామూలుగా అడుగుతుందా అంటే అదీ కాదు. ఎదురుగా గొంతుక్కూర్చుని, మొహంలోకి మొహం పెట్టి, పోలీసువాడు దొంగసొత్తు ఎక్కడ దాచావని నిలదీసినట్టు అడుగుతుంది. నాగజ్యోతికి ఐదో నెల. పెళ్ళయిన ఆరేళ్ళకి నిలిచిన కడుపు.

అడిగిన ప్రతిసారీ నాగజ్యోతి ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. రేగుపళ్ళంది. మొగుడు యలమంద సైకిలేసుకుని చేలగట్లన్నీ తిరిగి తువ్వాలు నిండా తెచ్చాడు. నాలుగు నోట్లో వేసుకుని పక్కన పెట్టింది. తేగలంది, నెత్తళ్ళంది, రొయ్యల వేపుడంది. అన్నీ వచ్చాయి. అన్నీ రెండు ముద్దలతో సరి. మిగతాది మొగుడు తిన్నాడు. కడుపు నాగజ్యోతిదైనా ఒళ్ళొచ్చింది యలమందకే.

కోటిరత్నం అంతలా వెంటపడటానికి కారణముంది. కడుపుతో ఉన్న మనిషి కోరుకున్నది పెట్టకపోతే పుట్టిన బిడ్డకి చెవిలో చీము కారుతుందని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తెలియని ఆడది లేదు. మిగతావాళ్ళకి అది విన్న మాట. కోటిరత్నానికి అనుభవం. యలమంద కడుపులో ఉన్నప్పుడు ఆమెకి పనసతొనలు తినాలనిపించింది. నోరు తెరిచి అత్తగారిని అడిగింది. "మేం కనలేదా పిల్లల్ని, ఎక్కడా లేని కోరికలు!" అని అత్తగారు మూతి తిప్పింది. యలమందకి పన్నెండేళ్ళు వచ్చేదాకా ఎడమ చెవి కారుతూనే ఉంది. ఈనాటికీ వాణ్ణి పిలవాలంటే కుడిపక్కకి వెళ్ళి పిలవాలి.

"మా అత్త చేసిన పాపం నేను చెయ్యను. అడవిలో పులి పాలు కావాలన్నా తెప్పిస్తా. చెప్పు," అనేది కోటిరత్నం.

పులి పాలే కావాలనిపించినా బాగుండు, ఎంచక్కా నోరు తెరిచి చెప్పేది. నాగజ్యోతికి తినాలని ఉన్నది గోంగూర వేసి వండిన గొడ్డుమాంసం.

ఆ రుచి ఆమెకి ఎలా తెలుసో చెప్పాలి. రెండేళ్ళు వరసగా పత్తికి పురుగు తగిలి చేను దులిపేసినట్టు అయ్యాక, ఇంట్లో ఎవరో ఒకరు బయటికెళ్ళి సంపాదించక తప్పలేదు. చిలకలూరిపేట దారిలో ఉన్న నూలు మిల్లులో నాగజ్యోతి వైండింగుకి చేరింది. తమ ఊళ్ళోనే సాయిబుల బజారులో ఉండే ఖుర్షిదాది పక్క మిషను. ఖుర్షిదా మొగుడు సలీం ఆటోలోనే ఊళ్ళో ఆడవాళ్ళు పదిమందీ మిల్లుకి పోయేది, వచ్చేది. నాలుగేళ్ళు పక్కపక్కన నిలబడి దారాలు ముడేసిన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య దాపరికాలేం ఉంటాయి?

మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని కూరలు మార్చుకునేవాళ్ళు. ఖుర్షిదా మాత్రం కొన్ని రోజులు విడిగా గోడవైపు తిరిగి కూర్చునేది. "ఇవాళ నా క్యారేజీలో ఎవరూ చెయ్యి పెట్టమాకండి," అని ముందే చెప్పేది. మర్యాద తెలిసిన పిల్ల. ఒక ఎండాకాలం నాగజ్యోతి తెచ్చుకున్న పప్పు పాచిపోయింది. లేచి వెళ్ళి ఖుర్షిదా పక్కన కూర్చుంది.

"ఒక్క ముక్క పెట్టవే."

"పిచ్చా నీకు? పెద్దకూర ఇది."

"తెలుసు. వాసనకే ప్రాణం పోతంది. పెట్టు."

తెలియక తిన్నదని చెప్పి ఆమెని కాపాడే ఉద్దేశం నాకు లేదు. తెలిసే తిన్నది. తిని మూడుసార్లు నోరు పుక్కిలించి, సోంపు నమిలి, సాయంత్రం ఇంటికెళ్ళి వణుకుతూ దేవుడి దగ్గర దీపం పెట్టింది. దీపం రోజూ లాగానే వెలిగింది. ఆ తర్వాత ఏడాదిలో ఐదారుసార్లు తిన్నది. ఒకసారి "ఏ గొడ్డే ఇది?" అని అడిగితే, "దున్నే, ఆవు కాదులే," అంది ఖుర్షిదా. ఆ మాట నాగజ్యోతికి కొంచెం ధైర్యమిచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకీ తెలియదు.

ఆ ఇంట్లో ఏది తినొచ్చో, ఏది తినకూడదో ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు గానీ, రాసిపెట్టిన చట్టాల కంటే గట్టిగా నడిచేది. కోడిని తింటారు. పొట్టేలుని తింటారు. చేలో వలేసి కంజుపిట్టని పడతారు, కుందేలు దొరికితే పండగ చేసుకుంటారు. పావురాన్ని మాత్రం తినరు, పాపం. చేపలు తింటారు, పాములా ఉండే చేపని చూస్తే మొహం తిప్పుకుంటారు. శనివారం ఇవేవీ ముట్టరు. ఇక పందిని తినేవాళ్ళది ఒక పేట, ఎలుకని తినేవాళ్ళది ఒక పేట, గొడ్డుని తినేవాళ్ళవి రెండు బజార్లు. ఎవరి కుండలో ఏం ఉడుకుతుందో దాన్నిబట్టి ఎవరి ఇల్లు ఊరికి ఏ మూల ఉండాలో తేల్చేశారు పెద్దవాళ్ళు. ఆ లెక్కన నాగజ్యోతి ఉండాల్సింది ఈ ఇంట్లో కాదు.

కడుపు నిలిచిందని తెలిసిన రోజే మిల్లు మాన్పించారు. మొదటి నెలల్లో వాంతులని ఏమీ తినలేదు. వాంతులు తగ్గాక ఈ కోరిక పట్టుకుంది. కంచంలో ఏది పెట్టినా నాలుక మీదకి ఆ రుచే వచ్చి కూర్చునేది. పీచులు పీచులుగా విడిపోయే ముక్క, గోంగూర పులుపు, పైన తేలే కారం నూనె. తలుచుకుంటే నోట్లో నీళ్ళు, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళు. గుమ్మం దాటాలంటే వెనకే అత్తగారు. పెరట్లోకి వెళ్ళినా "జారతావే, చూసుకో" అని వెంట వచ్చేది. ఇంత ప్రేమ చుట్టూ కంచెలాగా ఉంటే అందులోంచి తప్పించుకునే సందెక్కడిది?

చివరికి ఒకరోజు తెగించి "మటన్" అంది. అబద్ధంలో నిజానికి దగ్గరగా వచ్చేది అదొక్కటే అనిపించింది. యలమంద చిలకలూరిపేట వెళ్ళి లేత మాంసం తెచ్చాడు. కోటిరత్నం గోంగూర వేసి వండింది. నాగజ్యోతి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, నమిలింది, మింగలేక బయటికి పరిగెత్తింది. ఇది అది కాదని ఒళ్ళంతా చెప్తోంది. కోటిరత్నం గుమ్మానికి తల కొట్టుకున్నంత పని చేసింది.

"దీని కోరిక ఏందో నాకు అంతు చిక్కడం లేదురా. కడుపులో ఉన్నవాడికీ చెవి పోద్దిరా దేవుడా," అని కొడుకు ఎడమ చెవి దగ్గర ఏడ్చింది. యలమందకి వినబడలేదు.

ఆ ఆదివారం మిల్లులో తోటి ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళతో ఖుర్షిదా కూడా వచ్చింది. మిగతావాళ్ళు అత్తగారితో మాటల్లో ఉన్నప్పుడు నాగజ్యోతి గేటు దాకా వచ్చి ఖుర్షిదా చెయ్యి పట్టుకుని విషయం చెప్పింది.

"నన్ను చంపుతావా ఏందే? మీ ఇంట్లోకా? తెలిస్తే మీవాళ్ళు ఊరుకుంటారా? సలీం ఆటో ఒక్కళ్ళు ఎక్కరు. రేపటి నుంచి మేం మన్ను తినాల," అంది ఖుర్షిదా.

"వద్దులే అయితే," అంది నాగజ్యోతి. అనడమైతే అంది గానీ చెయ్యి వదల్లేదు. ఖుర్షిదా ఆ చెయ్యి చూసింది. ఒకప్పుడు మణికట్టుకి బిగుతుగా ఉండే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

బుధవారం మధ్యాహ్నం మిల్లుకి సెలవు పెట్టి ఖుర్షిదా టిఫిను డబ్బాతో వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మటన్ చేశాం పిన్నీ. జ్యోతికి కొంచెం తెచ్చా," అంది.

సాయిబుల బజారులో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి కోటిరత్నం. డబ్బా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కోడలు డబ్బా వైపు చూస్తున్న చూపు చూసి ఆవిడ పట్టింపులన్నీ పక్కన పెట్టేసింది.

"తేవే. ఎవరి చేత్తో రాసిపెట్టుందో," అని తనే కంచం తెచ్చి అన్నం పెట్టింది.

నాగజ్యోతి తిన్నది. రెండుసార్లు అన్నం పెట్టించుకుని, వేళ్ళు నాకి, కంచం తుడిచి తిన్నది. రెండు నెలల తర్వాత కోడలు కడుపునిండా తినడం చూసి కోటిరత్నం కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "చల్లగా ఉండు తల్లీ," అని ఖుర్షిదా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఖుర్షిదా అక్కడ ఒక్క నిమిషం ఉండలేకపోయింది.

అలా మూడుసార్లు వచ్చింది డబ్బా. మూడోసారి జరిగింది జరగకూడనిది.

నాగజ్యోతి తినడం ముగించి పెరట్లో చెయ్యి కడుక్కుంటోంది. సబ్బు ఇంకా చేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే వంటింట్లో కోటిరత్నం, డబ్బా అడుగున మిగిలిన రెండు ముక్కలూ గుజ్జూ కలిపి, గిన్నెలో ఇంత అన్నం వేసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంటోంది. "అత్తయ్యా!" అని అరవబోయింది. ఏమని అరుస్తుంది? వద్దనడానికి కారణం చెప్పాలి కదా. సబ్బు నురగ చేతి మీదే ఆరిపోయింది.

"ఇంత మంచి కూర పారబోస్తామా?" అంది కోటిరత్నం నములుతూ. "ఏం చేసిందే ఆ పిల్ల! మేక మెత్తగా ఉడికిందంటే ఉడికింది గానీ, ఈ రుచెక్కడిదే? మసాలా ఏమేసిందో కనుక్కోవాల."

ఆ రోజు నుంచి నాగజ్యోతికి కూరా సహించలేదు, నీళ్ళూ సహించలేదు. తను తిన్నది తన పాపం. ఏ శిక్ష పడినా తనకే పడుతుంది అనుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఈవిడేం చేసింది? శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి. మనవడి చెవి కోసం తన పట్టింపులు వదులుకున్న మనిషి. అలాంటి మనిషి నోట్లో తనే పెట్టినట్టయింది. చెప్పేస్తే ఈవిడ తట్టుకోలేదు, ఖుర్షిదా ఇల్లు నిలవదు. చెప్పకపోతే కక్కలేక మింగలేక తను నిలవదు. మర్నాడు సలీం ఆటోలో వెళ్ళే ఒకమ్మాయి చేత "ఇక తేవద్దు" అని ఖుర్షిదాకి కబురు పంపింది. ఖుర్షిదా బతికాననుకుని మానేసింది.

మానేస్తే ఊరుకుంటుందా కోటిరత్నం? పది రోజులు చూసింది. పదకొండో రోజు పొద్దున్నే ఆటో వచ్చే వేళకి రోడ్డు మీద నిలబడి, పదిమంది ఆడవాళ్ళ ఎదుట గొంతెత్తి సలీంని ఆపింది.

"ఏమయ్యా సలీమూ, మీ ఆవిడకి మా మీద కోపమొచ్చిందా? మా కోడలికి ఆ మటన్ కూర చేసి పంపమను. మాంసం నేను తెప్పించి ఇస్తా కావాలంటే."

"మటనా పిన్నీ?" అన్నాడు సలీం. ఇంట్లో మటన్ వండి ఎన్నాళ్ళయిందో అతనికి తెలుసు. అని, అన్నందుకు నాలుక్కరుచుకుని, "అట్టాగే, అట్టాగే," అని ఆటో ముందుకి దూకించాడు.

ఆటోలో ముందు సీట్లో కూర్చున్నది శివపార్వతి కోడలు. శివపార్వతి అంటే కోటిరత్నానికి తోడికోడలు, రెండిళ్ళ అవతల ఉంటుంది. పొలం గట్టు దగ్గర ఎప్పుడో మొదలైన తగాదా ఒకటి ఇద్దరి మధ్యా నడుస్తూనే ఉంది. సలీం తడబాటు సాయంత్రానికల్లా శివపార్వతి చెవిలో పడింది.

ఖుర్షిదా ఏం చేస్తుంది పాపం? ఈసారి నిజంగానే మేకమాంసం కొని, గోంగూర వేసి, మనసు నిమ్మళం చేసుకుని తెచ్చింది. నాగజ్యోతి డబ్బా తెరవగానే వాసన పట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. హమ్మయ్య, ఇక గండం గడిచిందనుకుంది. కోటిరత్నం ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని పెదవి విరిచింది.

"ఇది అది కాదే ఖుర్షిదా. పోయినసారిది పోగులు పోగులుగా విడిపోయింది. రుచి నాలుక మీద నిలబడింది. ఇదేందో మామూలు మటన్‌లా ఉంది."

సరిగ్గా అప్పుడే మజ్జిగ కోసమని చెంబు పట్టుకుని శివపార్వతి గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట వింది. ఖుర్షిదా మొహం చూసింది. మజ్జిగ పోయించుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. శివపార్వతి ఏమీ అనలేదంటే అది మామూలు విషయం కాదు.

ఏడో నెల వచ్చింది. వచ్చే శుక్రవారం శ్రీమంతం పెట్టుకున్నారు. అప్పటికి కల్లాల్లో మిరపకాయలు ఎండి ఇళ్ళకి వచ్చాయి. కోటిరత్నం ఇంటి ముందు పందిరి కింద కాయ పోసి, బజారులో ఆడవాళ్ళు ఎనిమిదిమంది చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ముక్కులకి కొంగులు కట్టుకుని, తుమ్ముతూ దగ్గుతూ తీస్తున్నారు. కారం ఘాటు తగలకుండా నాగజ్యోతిని దూరంగా అరుగు పక్కన మంచం మీద కూర్చోబెట్టారు. శివపార్వతి కూడా వచ్చి కూర్చుంది. కాసేపు తొడిమలు తీసి, కొంగు కిందకి లాగింది.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోమాక. ఆటో తోలుకునే సలీం ఇంట్లో మటన్ మీదట మటన్ ఎట్టా వండుతున్నారంటావు?"

"వండుకుంటే నీకేం నొప్పి?"

"నాకేం లేదు. కానీ పోగులు పోగులుగా విడిపోయే మటన్ నేనెప్పుడూ తినలేదు. మీరెవరైనా తిన్నారా?" అని చుట్టూ చూసింది. తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ మాట అంతకుముందే బజారంతా తిరిగొచ్చిందని నాగజ్యోతికి అర్థమైంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"ఏమంటున్నావో తెలిసి మాట్లాడు పార్వతీ."

"తెలిసే మాట్లాడుతన్నా. శుక్రవారం నీ ఇంట్లో మేమంతా తినాల. ఏ నోళ్ళు తిన్న కంచాల్లో తింటన్నామో మాకు తెలియొద్దా? ఆ పిల్ల మన ఇళ్ళల్లోకి గొడ్డుకూర మోసుకొస్తుంటే, రేపటి నుంచి మన ఆడాళ్ళు ఆ ఆటో ఎక్కేదెట్టా?"

నాగజ్యోతి లేచి పారిపోదామనుకుంటే కడుపు బరువు. పారిపోయి ఎక్కడికి పోతుంది? ఖుర్షిదా పిల్లలిద్దరూ కళ్ళ ముందు కనబడ్డారు.

కోటిరత్నం లేచి నిలబడింది. కోపంతో ఆవిడ ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"నోరు కడుక్కోవే. కన్నతల్లి చెయ్యలేని పని చేసింది ఆ పిల్ల. తిండి లేక చిక్కిపోతున్న నా కోడలికి వండి తెచ్చి పెట్టింది. నేనే నా నోటితో తిన్నా. అది మటన్ అని నేను చెప్తుంటే చాలదూ?"

"చాలదక్కా. ఒట్టెయ్యి."

"వేస్తా. నాకేం భయం?"

అని గబగబా మంచం దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి చాపింది. "ఇదిగో, నా మనవడి మీద ఒట్టు. అది..."

ఆ చెయ్యి పొట్ట మీద పడేలోపల నాగజ్యోతి దాన్ని రెండు చేతులతో పట్టేసుకుంది.

ఆలోచించి పట్టుకోలేదు. పట్టుకున్నాక గానీ తను ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. ఆరేళ్ళకి నిలిచిన బిడ్డ. ఆ బిడ్డ మీద అబద్ధపు ఒట్టు పడుతుంటే ఏ తల్లి చేతులు ఊరుకుంటాయి? పందిరి కింద దగ్గు కూడా వినబడలేదు. నాగజ్యోతి తలెత్తి అత్తగారి మొహం చూసింది. చూసి చూపు దించుకోలేకపోయింది. ఏ ఒక్క మాటా అక్కర్లేకుండా అంతా అక్కడే చెప్పేసుకున్నట్టయింది. కోటిరత్నం మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. పెదవులు ఒకసారి కదిలాయి. నోట్లో ఏదో ఉన్నట్టు గుటక వేసింది.

"ఏందక్కా, నీ కోడలు ఆపేసింది?" అంది శివపార్వతి వెనకనుంచి.

కోటిరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ళకేసి చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి.

"నా మతి మండిపోను. మిరపకాయ చేతులే ఇవి," అంది నవ్వుతూ. "పొట్ట మండి చావదూ పిల్ల! పట్టుకోకేం చేస్తది?"

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళ చేతులూ మండుతున్నాయి మరి. కోటిరత్నం వాళ్ళవైపు తిరిగింది. ఆ కారం చెయ్యే ఎత్తి తన నడినెత్తిన పెట్టుకుంది. గొంతులో వణుకు లేదు.

"నా నెత్తిన చెయ్యి పెట్టుకుని చెప్తన్నా, అందరూ వినండి. ఖుర్షిదా తెచ్చింది మటనే. అబద్ధమైతే నా రెండు కళ్ళూ పోవాల. చాలా పార్వతీ?"

శివపార్వతి చాలా సేపు ఆవిడ మొహంలోకి చూసింది. అక్కడ ఆమెకేమీ దొరకలేదు. "సర్లే అక్కా, బజారులో అనుకుంటుంటే అడిగా గానీ, నాకేం," అని కొంగు మళ్ళీ ముక్కుకి కట్టుకుంది. తొడిమలు మళ్ళీ టపటపా రాలడం మొదలైంది. కోటిరత్నం వెళ్ళి తన చోట కూర్చుని, అందరికంటే ఎక్కువ కాయ తీసింది. మధ్యలో ఎవరో శ్రీమంతానికి ఏం వండుతున్నావని అడిగితే గారెలు, పులిహోర అని వరసగా చెప్పింది కూడా.

పొద్దు వాలక ముందే పని ముగించి అందరూ వెళ్ళిపోయారు. కోటిరత్నం గేటు గడియ పెట్టి, నేరుగా పెరట్లోకి వెళ్ళి, కట్టుకున్న చీరతోనే బిందెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంది. మరో బిందె. ఇంకో బిందె. నాగజ్యోతి పొడిచీర పట్టుకుని గోడ పక్కన నిలబడింది. పిలిచే ధైర్యం లేదు, వెళ్ళిపోయే ధైర్యమూ లేదు.

తడిజుట్టు విరబోసుకునే వచ్చి కోటిరత్నం అరుగు మీద కూర్చుంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కారం నీళ్ళు కళ్ళల్లోకి దిగాయో, ఏడ్చిందో తెలియదు.

"ఏ మాంసమే?" అంది.

"దున్న అత్తయ్యా. ఆవుది కాదు."

"నీకు తెలుసా, తెలియక తిన్నావా?"

"తెలుసు."

నాగజ్యోతి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "నన్ను కొట్టండి అత్తయ్యా. పుట్టింటికి పంపించెయ్యండి. మీ చేత తినిపించాలని కాదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపల..."

కోటిరత్నం కొట్టలేదు. మెల్లగా, "ఆ పిల్లని కొన్నాళ్ళు ఇటు రావద్దను. దాని తప్పేం లేదు. మళ్ళీ పార్వతి కళ్ళబడితే నేను రెండో ఒట్టు వెయ్యలేను," అంది. "నా కొడుక్కి చెప్పమాక. ఎవరికీ చెప్పమాక. ఇది నీతోటీ నాతోటీ కాటికి పోవాల."

"అట్టాగే అత్తయ్యా."

"అబద్ధపు ఒట్టు వేశాను. కళ్ళు పోతే పోనీ, ముసలిదాన్ని. దానికి కాదు నా ఏడుపు." కోటిరత్నం కొంగు పిండుకుంటూ ఆగింది. నీళ్ళు గచ్చు మీద కారుతున్నాయి. ఆవిడ గొంతు తగ్గించి, ఎవరో వింటారన్నట్టు వంగి, కోడలి మొహం దగ్గరగా మొహం పెట్టింది. "ఇప్పుడు తెలిసింది కదా అదేందో. తెలిశాక కక్కొచ్చుద్దని కదా పెరట్లోకి పోయా. నోట్లో వేలు కూడా పెట్టుకున్నా. రాలేదే. ఆ రుచే వచ్చింది."

నాగజ్యోతి చేతిలోని పొడిచీర విప్పి ఆవిడ భుజాల మీద కప్పింది.

"నువ్వు కడుపుతో ఉన్నావు. నీది కోరికంటారు, తెచ్చిపెడతారు," అంది కోటిరత్నం, గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ. "అరవయ్యేళ్ళ దాన్ని, నాకు మళ్ళీ తినాలనుందే. నాది ఏమంటారే?"